రస్సెలు వైద్యుని మత్స్యగ్రంథము

జనగామ సంతలో నడిగినను, మహబూబాబాదు సీమయందలి బయ్యారము చెరువుకట్టపై నడిగినను, భూపాలపల్లి ప్రాంతపు గణపసముద్రము నొద్ద నడిగినను వాలుగచేప నెరుగనివారు లేరు. ఈ తెలుగుమాటయే జంతుశాస్త్రమున వల్లాగో యను ప్రజాతినామ మైనదని యెందరెరుగుదురు? అందులకు మూలము పాట్రిక్ రస్సెలు. రక్తపింజర కాంగ్లమున నాయన పేరే పెట్టిరి గనుక లోక మాయనను సర్పశాస్త్రజ్ఞుడుగనే తలచును. మేము చెప్పదలచినది ఆయన చేపల పుస్తకమునుగూర్చి.

ఎడింబరోలో జన్మించి, అలెప్పోలో ప్లేగురోగులకు చికిత్స చేసిన యీ వైద్యుడు 1782లో సోదరునితో మనదేశమునకు వచ్చి విశాఖపట్టణము చేరెను. 1785లో కోనిగు మరణింపగా కంపెనీవారు ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి నీయన కిచ్చిరి. తీరమున దొరకు చేపలను పరీక్షించి, స్వదేశ చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించి, జనులు చెప్పిన తెలుగుపేళ్లనే వాని క్రింద నుంచెను. లాటినుపేళ్లు కల్పించుటకు తొందరపడలేదు. కంపెనీ కొలువువారిలో నిట్టి సంయమ మరుదు!

1789లో స్వదేశమునకు మరలెను. 1803లో రెండు సంపుటములుగా వెలువడిన గ్రంథమున 200 చేపలు గలవు. అధికభాగము సముద్రపువే, వాలుగవంటివి మంచినీటివి. దానినుండియే కూవియే పండితుడు కనగుర్తను, 1851లో బ్లీకరు వాలుగను శాస్త్రనామములుగా గ్రహించిరి. పామునకు రస్సెలు పేరు నిలిచినది. చేపల పేళ్లు చెప్పిన మన జాలరుల పేళ్లు మాత్రము మనకందలేదు. ఇది మాకు కొరతగనే తోచుచున్నది.

గ్రంథము వెలువడిన రెండేండ్లకే, 1805 జూలై 2న, రస్సెలు మరణించెను.