నీటి దారి నెరిగిన మనీషి – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికీ మన కర్నూలుకూ గల సంబంధం ఆయన ఇంటిపేరులోనే ఉన్నది. ఆయన పూర్వులు మోక్షగుండం గ్రామస్థులు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఆ గ్రామం కర్నూలు జిల్లాలోనిదే. కుటుంబం మైసూరు సీమకు తరలిపోగా ఆయన ముద్దేనహళ్ళిలో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరులో చదివారు. 1883లో పూనాలో ఇంజనీరింగు పరీక్షలో ఉత్తీర్ణులై, మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

ఆనకట్టల నిర్మాతగా ఆయనను లోకమెరుగును. త్రాగునీటి విషయంలో ఆయన చేసిన సేవ మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

1890 దశకంలో సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి ఏర్పాటు చేసే బాధ్యత ఆయనపై పడినది. సింధునది నీరు బురదమయం. వడపోత తొట్లు కట్టుటకు పురపాలక సంఘం వద్ద ధనం లేదు. అప్పుడాయన నది గర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన తేటనీటిని పట్టణానికి అందించారు. మలినం ఎక్కడ నిలిచిపోవునో, నీరు ఎక్కడ తేరుకొనునో గ్రహించి, ప్రకృతి చేతనే ఆ పని చేయించుట ఆయన నేర్పు.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాదిమందిని పొట్టన బెట్టుకొన్నది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయనను ఆహ్వానించినది. ఆయన నగరంతో ఆగక, నది ఎగువ ప్రాంతమంతటా పడిన వానను లెక్కగట్టారు. అక్కడి 788 చెరువులలో 221 తెగినట్లు తేల్చారు. మూసీ, ఈసీ నదులపై నగరానికి ఎగువన జలాశయాలనూ, నగరంలో మురుగునీటికి ప్రత్యేక మార్గాన్నీ సూచించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. హిమాయత్ సాగర్‌తో పాటు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు కూడా స్మరణీయం. ఈ సాగరాల ఎగువన మాలిన్యకారక పరిశ్రమలు రాకుండా 1996లో ప్రభుత్వం ఉత్తర్వు జారీచేయగా, 2022లో ఆ ఆంక్షలు సడలినవి. మంచినీరు ఎగువన, మురుగు వేరుదారిన అన్న సూత్రం ఎంత విలువైనదో, దానిని కాపాడుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

1925లో అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ అను శాస్త్రజ్ఞులు ఓహియో నదిని పరిశీలించి, మురుగు కలిసిన నీటిలో ప్రాణవాయువు ఎట్లు తగ్గి మరల పెరుగునో గణిత సమీకరణంగా చూపారు. నేడు కంప్యూటర్లు ఆ గణనను మరింత విస్తృతంగా చేయుచున్నవి. నదిలో పడిన మలినంలో కొంత అడుగున పేరుకొనును. కొంత సూక్ష్మజీవుల వలన నశించును. లవణాలు, కొన్ని లోహాలు నీటితో దూరం సాగిపోవును. ఈ లెక్కలకు మూలం నది ప్రవాహం, వర్షపాతం, దూరం. విశ్వేశ్వరయ్యగారు శ్రద్ధతో సేకరించినవీ ఇట్టి వివరాలే.

ఈ విషయం మన సీమకు మరింత ముఖ్యం. వేసవిలో నది సన్నబడినప్పుడు అంతే మురుగు అంతకంత చిక్కనగును. కర్నూలులో హంద్రీ తుంగభద్రలో కలియును. తుంగభద్ర కృష్ణలో చేరి శ్రీశైలం జలాశయాన్ని నింపును. ఆ నీరే పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా కడప జిల్లాలోని బ్రహ్మంసాగరానికీ, తెలుగుగంగగా చెన్నపట్నానికీ సాగును. మన వీధి కాలువలో విడిచినది ఎవరి కడవలోనికో చేరవచ్చునని మనం గుర్తించవలెను.

విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న బిరుదమందుకొన్నారు. నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్ 14న కీర్తిశేషులైనారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకొనుచున్నాము. ఆనాడు పూలమాల వేయుటతోనే మన ఋణం తీరదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు సీసా చేతబట్టి హంద్రీ సంగమానికి ఎగువనా దిగువనా నీరు తీసి, మన ప్రయోగశాలలో పరీక్షించి, ఏటేటా ఆ లెక్కలు వ్రాసి ఉంచినచో, మోక్షగుండం పేరుకు అంతకన్న తగిన నివాళి వేరొకటి ఉండదు.