యల్లాప్రగడ సుబ్బారావు

వంశలక్షణాలను తరతరాలకు అందించే డి.ఎన్.ఏ. అణువు మెలితిరిగిన నిచ్చెనవలె ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధనలో లభించిన ఎక్స్-కిరణ చిత్రాలు వారికి ఆధారమయ్యాయి. చక్కెర, ఫాస్ఫేట్ ఒకదాని వెంట ఒకటి చేరి ఆ నిచ్చెనకు ఇరువైపులా నిలువు కమ్ములవుతాయి. అడినిన్ థైమిన్‌తోను, గ్వానిన్ సైటోసిన్‌తోను జతకట్టి మెట్లవుతాయి. ఈ రూపాన్ని కనుగొన్నవారిలో సుబ్బారావు లేరు. కాని అది లోకానికి తెలియకముందే దాని విడిభాగాలతో పాతికేళ్లు మెలగిన తెలుగువాడు ఆయన.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది శస్త్రచికిత్స ఆచార్యునికి గిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. తిన్న తిండి ఒంటికి పట్టనీయక, రక్తాన్ని క్షీణింపజేసే ఆ జబ్బుకు నాడు సరైన మందు లేదు.

మామగారి తోడ్పాటుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ సాయంతో ఆయన బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని, మూత్రంలోని ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో వెలువరించారు. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా నేర్చుకొనేది దీనినే. ఆ కొలతే వారిని కండరాలలోని ఏ.టి.పి. వద్దకు నడిపించింది. అడినిన్, రైబోజ్ చక్కెర, మూడు ఫాస్ఫేట్లు కలిసిన ఆ అణువు కణానికి శక్తినిస్తుంది. నిచ్చెన మెట్లలో కనిపించే అడినిన్ ఇందులోనూ ఉండటం గమనించదగిన విషయం.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి లభించలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణంలో థైమిన్ తయారీకి ఈ విటమిన్ ఆవశ్యకం. ఇది కొరవడితే నిచ్చెన మెట్లు పూర్తికావు. కణం రెండుగా విడిపోలేదు. రక్తకణాలు నిరంతరం పుట్టవలసిన ఎముక మజ్జలో ఆ లోటు ముందుగా బయటపడుతుంది. సోదరులను బలిగొన్న స్ప్రూ ఫోలిక్ ఆమ్లానికి లొంగుతుందని అనతికాలంలోనే తేలింది. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే ఇనుము మాత్రలో నేడు ఉన్నది ఆ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లం కణాన్ని పెంచుతుందంటే, దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థం కేన్సర్ కణాన్ని ఆపాలి. ఆ ఆలోచన నుండి అమినోప్టెరిన్ వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మంది కొంతకాలం తేరుకున్నారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. విడిచి వెళ్లిన స్వదేశానికీ, భార్య శేషగిరి వద్దకూ తిరిగి రానూలేదు.