గురజాడ అప్పారావుగారు: ఒక కథకు పరాకాష్ఠ

మొన్న తొమ్మిదవ తరగతిలో ‘దిద్దుబాటు’ కథను చదివించి, దీనికి పరాకాష్ఠ యేది యని అడిగితిని. మంచము క్రింద నవ్వు వినబడిన ఘట్టమే యని దాదాపు అందఱును పలికిరి. ఒక్క బాలిక మాత్రము తల యూపక కూర్చుండెను. ఆమె సందేహము సహేతుకమైనది. అది తెలియుటకు ముందు ఆ కథ వ్రాసినవారి చరిత్రము కొంత తెలియవలెను.

గురజాడ వేంకట అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21వ తేదీన విశాఖమండలమందలి రాయవరమున జన్మించిరి. విజయనగరమున చదువుకొనునప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారు వారికి సహాధ్యాయులు. ఆ గిడుగువారే పిమ్మట మన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవర భాషకు వ్యాకరణము కూర్చిరి. మన పట్టణము 1936లో ఒరిస్సాలో చేరినను, తెలుగువారు దీనిని మఱవకుండుటకు ఆయన పేరొక కారణము. అప్పారావుగారు 1886లో బి.ఏ. ముగించిరి, మహారాజా కళాశాలలో పని చేయుచు ఆనందగజపతి మహారాజుగారి ఆదరము చూఱగొనిరి.

మహారాజుగారి యాజ్ఞచే విశాఖమండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహముల పట్టిక యొకటి తయారయ్యెను. అందు 1034 వివాహములు తేలినవి. ఐదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది. ఏడాది వయస్సు పసికందులు ముగ్గురు! ఈ యంకెలు చూచి ఎవరైనను కంట తడి పెట్టుదురు. అప్పారావుగారు వానినుండి నవ్వు పుట్టించిరి. ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయ్యెను. 1909లో దానినే మిక్కిలి పెంచి, దాదాపు క్రొత్త నాటకముగా తిరిగి వ్రాసిరి. ఈ కూర్పు చివర మధురవాణి యను వేశ్య మగవేషమున సౌజన్యారావు పంతులుగారి యింటికి వచ్చును. వేశ్యలతో పొత్తు కూడదను నియమము గలవా రాయన. ఎదుట నున్న దెవరో యెఱుగకయే మనసు విప్పి మాటాడును. పిమ్మట ఆమె తన్ను తెలుపుకొనును. గిరీశము గుట్టు రట్టగును.

మఱుసటి యేడు, 1910లో, ‘ఆంధ్రభారతి’ పత్రికలో ‘దిద్దుబాటు’ వెలువడెను. గోపాలరావు వేశ్యల పాటలకు మరగి, భార్యతో బొంకుచు, రాత్రి చాల ప్రొద్దుపోయి ఇల్లు చేరుచుండును. ఒకనాడు వచ్చి చూడగా భార్య కమలిని లేదు; ఉత్తరము మాత్రము గలదు. తన మూలమున భర్త అసత్యమాడవలసి వచ్చుచున్నది గనుక పుట్టింటికి పోవుచున్నానని దాని సారాంశము. అప్పుడాతడు నౌకరు రాముని యెదుట తన తప్పు నొప్పుకొని, ఇక రాత్రులు ఇల్లు కదలనని చెప్పి, ఆమెను తోడితెమ్మని బతిమాలును. అటుపిమ్మటనే మంచము క్రింద నవ్వు, గాజుల సవ్వడి.

నాటకమునను కథయందును ఉపాయ మొక్కటే. స్త్రీ మఱుగున నుండును. పురుషుడామె లేదనుకొని మాటాడును. భార్య యెదుట వేడుకొన్నచో అది బుజ్జగింపు కావచ్చును. నౌకరు ముందు యజమాని తల వంచినప్పుడు నటనకు చోటెక్కడ? ఆ నవ్వును తీసివేసి చదువుడు. గోపాలరావు మాఱియే యుండును. రామునితో పలికిన మాటలు తీసివేసి చదువుడు. మిగులునది దాగుడుమూతల యాట. ముడి విడిపోయినది రాముని యెదుటనే. విడిన ముడిని మనకు చూపుటకే ఆ నవ్వు.

అప్పారావుగారు 1914లో, పాఠ్యగ్రంథములకు గ్రాంథిక భాషయే తగునను మద్రాసు విశ్వవిద్యాలయ పక్షమునకు విరుద్ధముగా అసమ్మతి పత్రము సమర్పించిరి. 1915 నవంబరు 30న దివంగతులైరి. వాడుక భాషకై పోరాడినవారి చరిత్రమును గ్రాంథికమున వ్రాయుట వింతగనే యున్నది. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునప్పుడు అబ్బిన అలవాటు, నన్ను విడువకున్నది.

తరగతి ముగిసిన పిమ్మట ఆ బాలిక నా యొద్దకు వచ్చి తన సందేహము వెల్లడించినది. గోపాలరావు బతిమాలుకొనునప్పుడు, కమలిని మంచము క్రింద నున్నదని రామునికి తెలియునా యని అడిగినది. మేమిద్దరము మరల కథ తెఱచి మొదటినుండి చదువుచున్నాము.