గుండె స్పీడ్ పెంచాలన్నా, తగ్గించాలన్నా ఆ అణువు కావాల్సిందే.. దాన్ని పట్టుకున్న తెలుగు డాక్టర్ గుండె 53 ఏళ్లకే ఆగింది!

కల్లూరు (కర్నూలు): మే నెల మిట్టమధ్యాహ్నం. ఎండ 40 డిగ్రీలు దాటేసింది. కదిలిపోతున్న బస్సు కోసం పరుగెత్తి ఎలాగోలా ఎక్కేశారు. సీట్లో కూర్చున్నా గుండె దడదడ ఆగదు. బస్సు హంద్రీ వంతెన దాటేసరికి మాత్రం ఎవరో చెప్పినట్టు మెల్లగా దారికొస్తుంది. ఇంతకీ గుండెను పరుగెత్తమన్నది ఎవరు? చాల్లే ఆగమన్నది ఎవరు?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారిలో ఓ తెలుగు డాక్టర్ ఎదురవుతారు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు. కేన్సర్ మందు, బోదకాలు మందు, యాంటీబయాటిక్ అనగానే ఆయన పేరు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. గుండె గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన్ని తలుచుకునేవాళ్లు చాలా తక్కువ.

మూడోసారికి మెట్రిక్ గట్టెక్కారు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. చదువు మీద మొదట్లో పెద్దగా ధ్యాస లేదు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి కాశీకి బయల్దేరితే తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడో ప్రయత్నంలో మద్రాసులో పాసయ్యారు. తర్వాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ససేమిరా అన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు.

అక్కడ ఇంకో మలుపు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు బట్టతో కుట్టిన సర్జరీ గౌను వేసుకున్నారు. బ్రిటిష్ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకొంటూ గడిపారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. అదే జబ్బు తనకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నారు. మనుషుల్ని చంపే ఈ జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పటిదే.

రాత్రి ఆసుపత్రి డ్యూటీ.. పగలు ల్యాబ్

మామగారి సాయం, ఓ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బు పట్టుకుని 1920ల మొదట్లో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. కొన్నాళ్లలో తిరిగొస్తారనే అంతా అనుకున్నారు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు.

బోస్టన్‌లో చేతిలో డబ్బు లేదు. స్కాలర్‌షిప్ రాలేదు. డాక్టర్ చదువు చదివిన మనిషి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా పూర్తి చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్ దగ్గర ల్యాబ్‌లో చేరారు.

1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తెచ్చారు. ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇప్పటికీ తెలుసు. ఆ కొలత చేతికొచ్చాక కండరాల లోపలికి తొంగిచూడటం మొదలైంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో అసలైంది బయటపడింది. అదే ఏటీపీ. పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్.

అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. చాలా పుస్తకాలు ఆయన పేరే ముందు చెబుతాయి. ఫిస్కే, సుబ్బారావుల పేర్లు ఆ తర్వాతే.

గుండెకు ఇది ఎందుకంత ముఖ్యం?

ఏటీపీని చేతిలో చిల్లర డబ్బు అనుకోండి. తిన్న తిండి మొత్తం చివరికి ఈ చిల్లరగా మారాకే ఒంట్లో ఖర్చవుతుంది. మిగతా కండరాలకు విశ్రాంతి ఉంటుంది. గుండెకు ఉండదు. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె, అందుకోసం సుమారు 6 కిలోల ఏటీపీని తిప్పి తిప్పి వాడుతుంది. దాచుకున్న నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతుంది. అందుకే ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సిందే. సుబ్బారావు వాళ్లు ముందుగా పట్టుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అత్యవసరానికి పక్కన పెట్టుకున్న డబ్బులాంటిది.

అయితే ఏటీపీ పని అక్కడితో అయిపోలేదు. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో తేల్చే దగ్గర కూడా దీని చెయ్యి ఉంది.

స్పీడ్ ఇలా పెరుగుతుంది

గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. కరెంటు పుట్టేది ఇక్కడే. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టిస్తుంది. మీరు బస్సు కోసం పరుగెత్తగానే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. నరాల చివర్ల నుంచి నోర్‌అడ్రినలిన్ విడుదలవుతుంది. కిడ్నీల మీద టోపీల్లా ఉండే గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. మొదటిది న్యూరోట్రాన్స్‌మిటర్, రెండోది హార్మోన్. రెండూ వెళ్లి తట్టేది మాత్రం ఒకే తలుపు. దాని పేరు బీటా రిసెప్టర్.

తలుపు తట్టగానే లోపల ఏం జరుగుతుందో 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ సదర్లాండ్ ఓ దారి పట్టుకున్నారు. కణంలోని ఓ ఎంజైమ్ ఏటీపీని తీసుకుని సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువుగా మారుస్తుంది. సైనస్ నోడ్‌కు త్వరగా కానివ్వమని చెప్పేది ఇదే. అంటే అడ్రినలిన్ బయటే ఉండిపోతుంది. దాని మాటను లోపలికి మోసేది ఏటీపీ నుంచి పుట్టిన అణువే. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

బీపీకి, గుండె దడకు చాలామంది వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ మాత్రలు ఈ తలుపు దగ్గరే అడ్డంగా నిలబడతాయి. అందుకే వాటిని సొంతంగా ఉన్నట్టుండి ఆపేయకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు.

మరి బ్రేక్ ఎక్కడుంది?

మెదడు నుంచి దిగే వేగస్ నరం గుండెకు బ్రేక్. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో దీన్ని తేల్చారు. ఒక గుండెకున్న వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు ఇస్తే అదీ నెమ్మదించింది. అంటే నరం నుంచి ఏదో రసాయనం వస్తోందన్నమాట. అదే ఎసిటైల్‌కొలిన్. అది సైక్లిక్ ఏఎంపీ తయారీని తగ్గిస్తుంది, గుండె కణాల నుంచి పొటాషియం బయటికి వెళ్లే దారులు తెరుస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు మీ గుండె 100 కాకుండా 70 దగ్గర ఉంటోందంటే కారణం ఈ బ్రేకే. మార్పిడి చేసిన గుండెకు ఈ నరం తెగిపోయి ఉంటుంది కాబట్టి అది మామూలుగానే కాస్త వేగంగా కొట్టుకుంటుంది.

ఇంకో బ్రేక్ కూడా ఉంది. ఇక్కడే మళ్లీ సుబ్బారావు కథ కలుస్తుంది. ఏటీపీ ఎక్కువగా ఖర్చయిపోతే విరిగి చివరికి అడినోసిన్ మిగులుతుంది. చిల్లర అయిపోతోంది, పొదుపు చెయ్యి అని గుండెకు చెప్పేది ఇదే. ఈ రకం పదార్థాలు గుండెను నెమ్మదింపజేస్తాయని ఇంగ్లండ్‌లో డ్రూరీ, సెంట్ జార్జి చెప్పింది కూడా 1929లోనే. ఇప్పుడు కొన్ని రకాల విపరీతమైన గుండె దడతో వచ్చిన రోగికి ఎమర్జెన్సీ వార్డులో ఇచ్చే ఇంజెక్షన్లలో అడినోసిన్ ఒకటి. కొన్ని సెకన్లు గుండె ఆగినట్టయి, మళ్లీ సరైన లయలోకి వస్తుంది. కాఫీ, టీల్లోని కెఫీన్ ఈ అడినోసిన్ దారికే అడ్డుపడుతుంది.

హార్వర్డ్ వద్దంది.. మందులు మాత్రం ఆగలేదు

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ల్యాబ్‌కు వెళ్లారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సోదరుల్ని బలి తీసుకున్న స్ప్రూకు అదే మందైంది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, కేన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ అన్నీ ఆయన నడిపించిన ల్యాబ్ నుంచి వచ్చినవే. ప్రెస్ ముందుకు రావడం, ఫొటోలకు నిలబడటం ఆయనకు నచ్చేది కాదు. నోబెల్ రాలేదు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు.

1948 ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53 ఏళ్లే. గుండె దేనితో నడుస్తుందో ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒకరైన ఆయన్ను చివరికి గుండే వదిలేసింది. సైక్లిక్ ఏఎంపీ, బీటా బ్లాకర్లు, అడినోసిన్ ఇంజెక్షన్.. ఇవేవీ ఆయన చూడలేదు. 1995లో శతజయంతికి పోస్టల్ శాఖ స్టాంపు విడుదల చేసింది. ఓ శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఓ మాట గుర్తుపెట్టుకోండి. పరుగెత్తినప్పుడు, భయపడ్డప్పుడు, ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు గుండె వేగం పెరగడం మామూలే. కదలకుండా కూర్చున్నా 100 దాటి తగ్గకపోతే, కళ్లు తిరిగితే, ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి. ఇక ఈసారి బస్సెక్కాక గుండె దడ మెల్లగా తగ్గుతుంటే.. 1929 నాటి ఆ ల్యాబ్‌ని, భీమవరం నుంచి వెళ్లి అక్కడ పనిచేసిన డాక్టర్‌ని ఒక్కసారి తలుచుకోండి.