చెయ్యి బాగానే ఉంది, నొప్పి నిజమే

తెలుగు గోడపత్రికలో పారిస్ డాక్టరమ్మ కథేమిటి అనుకోకండి. చదివితే మీకే తెలుస్తుంది.

అగస్టా క్లుంప్కె 1859లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి పిల్లల్ని తీసుకుని యూరప్ వచ్చేసింది. అగస్టా 1877లో పారిస్‌లో వైద్యవిద్యలో చేరారు. అక్కడ అమ్మాయిలకి సీటైతే ఇచ్చేవాళ్ళు గానీ, ఆసుపత్రుల్లో ఇంటర్న్ పోటీ పరీక్షకి కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అగస్టా, బ్లాంష్ ఎడ్వర్డ్స్ అనే ఇంకో విద్యార్థిని దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 1886లో అగస్టా ఆ పరీక్ష నెగ్గి, పారిస్ ఆసుపత్రుల్లో మొదటి మహిళా ఇంటర్న్ అయ్యారు. మెడ దగ్గర నరాలు దెబ్బతింటే చెయ్యి ఎలా చచ్చుబడుతుందో 1885లోనే రాశారు. దాన్ని ఇప్పటికీ క్లుంప్కె పక్షవాతం అంటారు.

1888లో నరాల డాక్టరు జూల్ దెజెరిన్‌ని పెళ్ళి చేసుకున్నారు. చనిపోయిన రోగుల మెదళ్ళని పలచటి పొరలుగా కోసి, ఏ నరాల దారి ఎటు పోతుందో ఇద్దరూ కలిసి పుస్తకంగా తెచ్చారు. మొదటి భాగం 1895లో, రెండోది 1901లో వచ్చాయి.

1906లో జూల్, గుస్తావ్ రూసీ కలిసి ఒక సంగతి రాశారు. పక్షవాతం వచ్చిన కొందరికి కదలిక తిరిగొచ్చినా, ఒంట్లో ఆ పక్కంతా భరించలేని నొప్పి పుడుతుంది. దెబ్బ చేతిలోనో కాలిలోనో లేదు. మెదడు లోపల, ఒంటి స్పర్శ కబుర్లు వచ్చి చేరే థాలమస్‌లో ఉంది. ఆ వ్యాసం మీద అగస్టా పేరు లేదు. కానీ మెదడులో ఆ దారులు చూపించిన పుస్తకంలో ఆమె కష్టం ఉంది.

మా నాయనమ్మకి పక్షవాతం తగ్గిన కొన్ని నెలలకి ఎడమచెయ్యి మండటం మొదలైంది. కన్నడలో ఉరి అనేది, అంటే మంట. చన్నీళ్ళు తగిలినా నిప్పు పెట్టినట్టే. చూడ్డానికొచ్చినవాళ్ళు చెయ్యి బాగానే ఉంది కదా, అంతా నీ మనసులోనే అనేవాళ్ళు. చివరికి ఆవిడ చెప్పడమే మానేసింది. ఆవిడకి జరిగినదానికి వందేళ్ళ క్రితమే ఒక పేరుందని నాకు అగస్టా గురించి చదివేటప్పుడే తెలిసింది.

అగస్టా 1914లో ఫ్రాన్స్ న్యూరాలజీ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. యుద్ధంలో గాయపడ్డ సైనికులకి వైద్యం చేశారు. 1927లో కన్నుమూశారు.

థాలమస్‌లోనే కాదు, స్పర్శని మోసే దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఈ నొప్పి రావచ్చని తర్వాత తేలింది. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు, మందులు వేరే ఉన్నాయి. అందుకే మీ ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్ళు ఒళ్ళు మండుతోందంటే ముందు నమ్మండి. తర్వాత నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.