దక్కన్‌కు నీళ్లు తెచ్చిన హబ్షీ: మాలిక్ అంబర్



మీ బంధువుల పిల్లలు అమెరికాలో చదువుతుంటే ఫిబ్రవరిలో వాళ్లు బడిలో ఏం చేస్తున్నారో ఒకసారి అడిగి చూడండి. నల్లజాతివారి చరిత్ర మాసం అని చెబుతారు. కార్టర్ వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1926లో దీన్ని ఒక వారం కార్యక్రమంగా మొదలుపెట్టాడు. 1976 నుంచి నెలంతా జరుపుతున్నారు. బడిలో, ఊరి గ్రంథాలయంలో, చర్చిలో పెద్దలు, పిల్లలు కలిసి పాటలు పాడతారు, నాటకాలు వేస్తారు, పుస్తకాల్లో చోటు దక్కని మనుషుల కథలు చెప్పుకుంటారు. మన తెలుగు పిల్లలూ అట్టల మీద బొమ్మలు అతికించి ఒక్కొక్కరు ఒక్కో మహనీయుడి గురించి మాట్లాడతారు.

అది వాళ్ల దేశపు సంగతి, మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. కానీ ఆఫ్రికా నుంచి వచ్చినవారి చరిత్ర మన దక్కన్‌లోనూ ఉంది. అందులో ఒక మనిషి జీవితాన్ని ఈ నెల మీకు చెబుతున్నాం. మీరు చదివి, రాత్రి అన్నాలయ్యాక మీ పిల్లలకు చెప్పండి.

బానిసగా బయలుదేరిన బాలుడు

అతను 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. అప్పటి పేరు చపూ. ఆ దేశాన్ని అరబ్బులు హబష్ అనేవారు. అందుకే అక్కడి నుంచి వచ్చినవారిని మన దేశంలో హబ్షీలు అన్నారు. సిద్దీలు అనే పేరు కూడా ఉంది.

చపూ చిన్నతనంలోనే బానిసగా అమ్ముడయ్యాడు. పేదరికం తట్టుకోలేక కన్నవాళ్లే అమ్మేశారని ఒక కథనం. ఎర్రసముద్రం దాటించి యెమెన్‌లోని మోఖా రేవుకు, అక్కడి నుంచి బాగ్దాద్‌కు తీసుకువెళ్లారు. బజారులో సరుకు చేతులు మారినట్టు ఆ పిల్లవాడు యజమానులు మారాడు. బాగ్దాద్‌లో మీర్ ఖాసిం అనే యజమాని అతని చురుకుదనం చూసి చదువు చెప్పించాడు. అంబర్ అని పేరు పెట్టాడు. అంబర్ అంటే సముద్రంలో దొరికే ఒక సుగంధ ద్రవ్యం.

చదువు చెప్పించడం దయ ఒక్కటే అనుకోకండి. చదువుకున్న బానిసకు ధర ఎక్కువ. అయినా ఊరు, అమ్మానాన్న, భాష, చివరికి పేరు కూడా పోయిన ఆ పిల్లవాడికి దక్కింది ఆ చదువు ఒక్కటే. దాన్ని అతను ఎంత దూరం తీసుకువెళ్లాడో చూడండి.

1570ల మొదట్లో అతన్ని దక్కన్‌కు తెచ్చారు. అహ్మద్‌నగర్‌ను నిజాంషాహీ సుల్తానులు ఏలుతున్న రోజులవి. వారి పేష్వా, అంటే ప్రధానమంత్రి, చెంగిజ్ ఖాన్ అంబర్‌ను కొన్నాడు. విశేషం ఏమిటంటే ఆ చెంగిజ్ ఖాన్ కూడా హబ్షీయే. ఒకప్పుడు బానిసగా వచ్చినవాడే. అమెరికా తోటల్లో బానిస బిడ్డ బానిసగానే పుట్టేవాడు. దక్కన్‌లో మాత్రం యజమాని విడిచిపెట్టిన బానిస సేనాపతి కావచ్చు, మంత్రి కావచ్చు. అంతమాత్రాన పిల్లవాణ్ణి అమ్మడం తప్పు కాకుండా పోదు. కాకపోతే ఇక్కడ ఒక తలుపు ఓరగా తెరిచి ఉండేది. తన యజమాని దగ్గర అంబర్ రాజ్యం నడిపే విద్య నేర్చుకున్నాడు.

నూట యాభై గుర్రాలతో

1574-75 ప్రాంతంలో చెంగిజ్ ఖాన్ చనిపోయాడు. ఆయన భార్య అంబర్‌కు స్వేచ్ఛ ఇచ్చింది. అప్పటికి అతనికి పాతికేళ్లు దాటాయి. పొలం లేదు, చుట్టం లేడు. తర్వాతి ఇరవై ఏళ్లు కత్తిని నమ్ముకుని బతికాడు. బీజాపూర్ సుల్తాను కొలువులో పనిచేసి మాలిక్ అనే బిరుదు పొందాడు. నూట యాభై మంది గుర్రపు రౌతులను కూడగట్టుకుని 1595 ప్రాంతంలో తిరిగి అహ్మద్‌నగర్ చేరాడు.

అప్పటికే మొగలు చక్రవర్తి అక్బర్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చాయి. కోటను కాపాడిన చాంద్ బీబీ గురించి మీరు చదివే ఉంటారు. 1600లో ఆమె తన మనుషుల చేతిలోనే హతమైంది. కోట మొగలుల వశమైంది. అహ్మద్‌నగర్ కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

అంబర్ అలా అనుకోలేదు. రాజవంశంలోని ఒక యువకుణ్ణి పరండా కోటలో సుల్తానుగా నిలబెట్టి, తన కూతురినిచ్చి పెళ్లి చేసి, తాను పేష్వా అయ్యాడు. నూట యాభై గుర్రాలు వేలయ్యాయి. ఎదురుగా నిలబడి మొగలుల ఫిరంగులను గెలవలేమని అతనికి తెలుసు. అందుకే తేలికపాటి గుర్రపు దళాలతో కొండదారుల్లో కాపు కాసి, శత్రువుకు తిండిగింజలు అందకుండా చేసి, రాత్రిళ్లు దాడి చేసి మాయమయ్యే పద్ధతి నడిపాడు. అతని సైన్యంలో హబ్షీలతో పాటు మరాఠాలూ ఉన్నారు. శివాజీ తాత మాలోజీ, తండ్రి షాహాజీ అతనితో కలిసి పనిచేసినవారే. తర్వాత శివాజీ పేరుతో ప్రసిద్ధమైన యుద్ధ పద్ధతి అంతకు ముందే ఈ ఆఫ్రికా మనిషి దళాల్లో పదునెక్కింది.

అంబర్‌ను దేవుణ్ణి చేసి మీ పిల్లలకు చెప్పనక్కర్లేదు. అధికారం విషయంలో అతను కఠినుడు. తాను నిలబెట్టిన సుల్తానుతో పొసగకపోయేసరికి 1610లో అతని పసికొడుకును గద్దె ఎక్కించాడు. ఆ సుల్తానుకు విషం పెట్టించాడని కూడా అంటారు. ఇదీ చెప్పండి. మంచీ చెడూ రెండూ విన్నప్పుడే పిల్లలు చరిత్రను నమ్ముతారు.

నేల కింద కాలువ

యుద్ధాల మధ్యలోనే అంబర్ పొలాలు కొలిపించాడు. నేల సారాన్ని బట్టి తరగతులు పెట్టించాడు. శిస్తు వసూలును వేలం పాడుకునే ఇజారాదార్ల పద్ధతి తీసేసి, పండిన పంటను బట్టి శిస్తు కట్టే ఏర్పాటు చేశాడు. కౌలూ శిస్తూ తెలిసిన మన గోదావరి రైతుకు ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1610లో దౌలతాబాద్ దగ్గర ఖడ్కీ అనే చోట కొత్త పట్టణం కట్టాడు. 1616లో మొగలులు దాన్ని తగలబెట్టారు. అతను మళ్లీ కట్టాడు. ఆ ఊరికి అసలు కష్టం మాత్రం నీరు. ముమ్మిడివరంలో ఉన్న మనకు నీళ్లంటే ఇంటి వెనక కాలువ, తోటలో బోదె, కాస్త దూరాన గౌతమి. ఖడ్కీ రాతి నేల. వేసవి వస్తే గుక్కెడు నీళ్లకు కటకట.

1617 ప్రాంతంలో అంబర్ చుట్టుపక్కల కొండల అడుగున ఊరే నీటిని పట్టుకుని ఊళ్లోకి తెచ్చే పని మొదలుపెట్టించాడు. నేల కింద సొరంగంలాంటి కాలువ తవ్వించి, నీరు తనంతట తానే జారేలా సన్నటి వాలు ఇచ్చారు. గాలి ఆడడానికి, లోపల దిగి పూడిక తీయడానికి మధ్యమధ్యలో నిలువు గుంతలు పెట్టారు. ఊళ్లో వీధి వీధికీ తొట్లు కట్టారు. మోటారు లేదు, పంపు లేదు. ఉన్నదంతా వాలు లెక్క. నెహర్-ఎ-అంబరీ అనే ఆ కాలువ శతాబ్దాల తరబడి ఆ ఊరికి నీళ్లు ఇచ్చింది. మీ పిల్లలు సైన్సులో పీడనం, గురుత్వాకర్షణ చదువుతుంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ ఖడ్కీయే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. షిర్డీ యాత్రకు వెళ్లి, ఎల్లోరా గుహలూ ఘృష్ణేశ్వరమూ చూసి వచ్చే మన కుటుంబాలు ఎన్నో ఆ ఊళ్లో దిగుతాయి. ఆ ఊరిని కట్టించిందెవరో తెలిసి వచ్చేవాళ్లు మాత్రం తక్కువ.

గట్టుకు గండి

1624లో మొగలులూ బీజాపూర్ వాళ్లూ కలిసి అంబర్ మీదికి వచ్చారు. అప్పటికి అతనికి డెబ్బై అయిదేళ్లు దాటాయి. అహ్మద్‌నగర్ దగ్గర భాత్వడి అనే చోట ఒక చెరువు ఉంది. అంబర్ ఆ చెరువు గట్టుకు గండి కొట్టించాడు. శత్రువు విడిది చేసిన నేలంతా బురదమయమైంది. బళ్లు కదలవు, గుర్రాలు నడవవు. ఏటిగట్టు తెగితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పాలా! ఆ బురదలో ఇరుక్కుని ఆకలితో నీరసించిన రెండు సైన్యాలనూ అంబర్ ఓడించాడు.

అతను 1626లో, సుమారు డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశాడు. పాతికేళ్లకు పైగా మొగలులను నిలువరించిన రాజ్యం అతను పోయిన పదేళ్లకే అంతరించింది.

చక్రవర్తి బొమ్మ

తల్లిదండ్రులుగా మీరు ఆగి ఆలోచించవలసిన చోటు ఇది. జహంగీర్ చక్రవర్తి అంబర్‌ను ఎప్పుడూ యుద్ధంలో ఎదుర్కోలేదు. కానీ 1616 ప్రాంతంలో తన ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ చేత ఒక బొమ్మ వేయించుకున్నాడు. అందులో ఈటెకు గుచ్చిన అంబర్ తల ఉంటుంది. చక్రవర్తి భూగోళం మీద నిలబడి దాని మీదికి బాణం వేస్తుంటాడు. నిజంగా కొట్టలేని తలను బొమ్మలో కొట్టుకున్నాడన్నమాట. తన ఆత్మకథలోనూ అంబర్‌ను తిట్టాడు. ఆ తిట్లలో అతని ఒంటి నలుపును కూడా వదల్లేదు. చిత్రంగా, అంబర్ పోయాక మొగలు చరిత్రకారుడు ముతమద్ ఖానే యుద్ధంలో, పాలనలో అతనికి సాటి లేదని ఒప్పుకున్నాడు.

నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ తిట్టు ఇంకా మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. పురిటి మంచం దగ్గరే బిడ్డ రంగు మీద మాట పడుతుంది. పెళ్లిచూపుల్లో పడుతుంది. ఆటల్లో తోటిపిల్లలు పెట్టే పేర్లలో పడుతుంది. ఎండలో ఆడితే నల్లబడతావని ఆడపిల్లను లోపలికి పిలుస్తాం. ముఖం తెల్లబడే క్రీము కొనిపెడతాం. నలుపంటే తక్కువ అని పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పడం లేదు. మనమే నేర్పుతున్నాం. నల్లగా పుట్టి, బానిసగా అమ్ముడై, ఒక రాజ్యాన్ని నిలబెట్టిన మనిషి కథ ఆ పాఠానికి విరుగుడు.

మన దగ్గర ఏం చేయవచ్చు?

హబ్షీల జాడ మన తెలుగు నేల మీదా ఉంది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వారసులు ఇప్పటికీ ఆ నగరంలో ఉన్నారు. హబ్సిగూడ పేరు కూడా హబ్షీలదేనంటారు. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యాన్ని ఆ సిద్దీలు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. తీన్‌మార్ దరువుకు దానితో చుట్టరికం ఉంది. అంటే మన వీధిలో తీన్‌మార్‌కు పిల్లలు గంతులు వేస్తున్నప్పుడు ఆఫ్రికా మనకు అంత దూరమేమీ కాదు.

గుర్తుపెట్టుకోవడం మన గోదావరి జిల్లాలకు కొత్త విద్య కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర పుట్టిన మే 15న మనం ఇప్పటికీ ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు వేస్తున్నాం. పుష్కరాల్లో ఆయన పేరున పిండం పెట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్లు ఇచ్చినవాడు ఏ దేశంవాడైనా మనవాడే అని మన పెద్దలు చేతలతో చెప్పారు. ఆ మంచి అలవాటును ఇంకొంచెం పెంచుకోవడమే ఇప్పుడు కావలసింది. అందుకు మీరు చేయగలిగినవి కొన్ని:

ఈసారి మే 15న మీ వీధిలో కాటన్ జయంతి జరిగితే, నీళ్లు తెచ్చిన మరో పరాయిదేశపు మనిషిగా అంబర్ గురించి మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో రెండు నిమిషాలు మాట్లాడించండి.

ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో పిల్లలకు అంబర్ వేషం వేయవచ్చు. కానీ ముఖానికి నల్లరంగు మాత్రం పూయవద్దు. తలపాగా, నడుముకు కత్తి, చేతిలో కాలువ పటం చాలు. ఒంటి రంగు వేషం కాదు.

ఇసుకలో వాలుగా చిన్న కాలువ తీసి, దాన్ని కొబ్బరి మట్టలతో కప్పి, ఒక చివర నీళ్లు పోసి రెండో చివరకు చేరతాయో లేదో పిల్లలతో కలిసి చూడండి. వాలు ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో వాళ్లనే కనుక్కోనివ్వండి.

షిర్డీ వెళ్లినప్పుడు ఎల్లోరా నుంచి నాలుగైదు కిలోమీటర్లలో ఖుల్దాబాద్ ఉంటుంది. మాలిక్ అంబర్ సమాధి అక్కడే ఉంది. డ్రైవరుకు ముందే చెప్పి ఒక అరగంట ఆగండి. అక్కడ పడుకున్నదెవరో పెద్దలు కాదు, మీ పిల్లలే మీకు చెప్పేలా చూడండి.