మార్గరీతమ్మ వంటిల్లు



సారపాకలో మిల్లు షిఫ్టు దిగి ఇంటికొచ్చి, గ్లాసు టీ తాగి, మళ్లీ బండి తీసి గుడివైపు బయలుదేరే తండ్రులు కొందరున్నారు. యువజనులకు పాటలు నేర్పేది, క్రిస్మసు నాటికి పశువులపాక కట్టించేది, జ్ఞానోపదేశానికి రాని పిల్లవాని ఇంటికి వెళ్లి తలుపు తట్టేది వీరే. తల్లులూ ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం పదిమంది కుర్రవాళ్లు వచ్చి అరుగుమీద కూర్చుంటే, చెప్పకుండానే ఎసట్లో ఇంకో రెండు గ్లాసుల బియ్యం పోసేది వారే. ఇటువంటి ఒక తండ్రి ఈమధ్య నాతో మాట్లాడుతూ, ఊళ్లో పిల్లలందరికీ తాను పెద్ద దిక్కునే గాని, తన సొంత కొడుకు మాత్రం తనతో సరిగా మాట్లాడటం లేదని చెప్పి తలవంచుకున్నాడు. ఆయనకు అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక నాకు ఒక తల్లి జ్ఞాపకం వచ్చింది. ఆమె కథ మీలో చాలామందికి సగం తెలుసు. డాన్ బోస్కో గారి తల్లి అనగానే మీకు గుర్తుకు వస్తుంది. మిగతా సగం ఈ వారం చెప్పుకుందాం.

ఆమె పేరు మార్గరీత ఒక్కియేనా. 1788 ఏప్రిల్ 1న ఉత్తర ఇటలీలోని కప్రీల్యో అనే చిన్న పల్లెలో పుట్టింది. బడికి పోలేదు, చదవడం రాయడం రాదు. ప్రార్థనలు, జ్ఞానోపదేశం అంతా విని నేర్చుకున్నదే. చిన్నతనంలో ఆ దేశం మీదికి సైన్యాలు వచ్చి పోతుండేవి. ఒకసారి సైనికుల గుర్రాలు వీరి కళ్లంలో ఆరబెట్టిన మొక్కజొన్నలు తింటుంటే, ఈ పిల్ల పంగలకర్ర పట్టుకుని వాటిని తరిమిందని చెప్పుకుంటారు. ఏడాది గింజలు పోతే ఏమవుతుందో మిరపతోటకు కూలికి వెళ్లే మన అక్కలకు వేరే చెప్పాలా!

1812లో ఫ్రాన్సిస్ బోస్కో అనే రైతును పెళ్లాడింది. ఆయనకది రెండవ పెళ్లి. మొదటి భార్య చనిపోయింది, నాలుగేళ్ల కొడుకు అంతోని ఉన్నాడు, ముసలి తల్లి మంచాన ఉంది. అంటే మార్గరీత కాపురానికి వెళ్లిన రోజునే తల్లి అయింది, అదీ మరొకరి బిడ్డకు. తర్వాత 1813లో జోసఫ్, 1815 ఆగస్టు 16న జాన్ పుట్టారు. ఈ జానే తర్వాతి కాలపు పునీత డాన్ బోస్కో.

1817 మే నెలలో ఫ్రాన్సిస్ చెమటలు కక్కుతూ పనినుంచి వచ్చి చల్లని నేలమాళిగలోకి దిగాడు. జ్వరం తగిలి, ఊపిరితిత్తులకు పాకి, కొద్దిరోజులకే కన్నుమూశాడు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ముగ్గురు మగపిల్లలు, అత్తగారు, కొద్దిపాటి భూమి. అదే ఏడు కరువు. సంతలో డబ్బు పెట్టినా గింజ దొరకలేదు. పొరుగాయనను గింజల కోసం పంపితే ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. అప్పుడామె పిల్లలతో మోకరించి ప్రార్థించి, లేచి వెళ్లి కొట్టంలోని దూడను కోయించింది. రైతుబిడ్డకు దూడను కోయడమంటే రేపటిని కోసుకోవడమే. ఆమె ఆ పని చేసి ఆ రాత్రి పిల్లలకు అన్నం పెట్టింది. ప్రార్థన చేసిన వెంటనే కత్తి కోసం లేవడం ఆమెకు విశ్వాసలోపంగా తోచలేదు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

మళ్లీ పెళ్లి సంబంధం వచ్చింది. మంచి సంబంధమే, కాని పిల్లలను ఒక సంరక్షకునికి అప్పగించాలి. ఆమె ఒప్పుకోలేదు. సంరక్షకుడు ఎంత మంచివాడైనా స్నేహితుడే అవుతాడు, తల్లి తానేనని తేల్చి చెప్పింది.

ఆ ఇంట్లో ఒక మూల బెత్తం ఉండేది. దానితో ఎవరినీ కొట్టినట్టు లేదు గాని, అది అక్కడ ఉన్నదని పిల్లలందరికీ తెలుసు. ఒకనాడు తల్లి ఇంట లేనప్పుడు జాన్ అల్మరా పైకి చేయి చాచి నూనె కూజా పగలగొట్టాడు. ఎంత తుడిచినా మరక పోలేదు. వాడేం చేశాడంటే, కంచెనుంచి ఒక కొమ్మ కోసి, బెరడు చెక్కి అందంగా నగిషీలు పెట్టి, తల్లి వస్తుంటే ఎదురు వెళ్లి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తల్లికి నవ్వు వచ్చింది. ఈ రోజుల్లో సెల్‌ఫోన్ పగలగొట్టిన పిల్లవాడు తండ్రికి ఎదురు వస్తాడా, పక్కింట్లో దాక్కుంటాడా? మీ ఇంటి సంగతి మీకే తెలుసు.

తొమ్మిదేళ్లప్పుడు జాన్‌కు ఒక కల వచ్చింది. అల్లరి పిల్లలు, ఆ తర్వాత మృగాలు, అవి గొర్రెపిల్లలుగా మారడం. తెల్లవారి ఇంట్లో చెబితే జోసఫ్ నువ్వు గొర్రెలు కాస్తావన్నాడు, అంతోని దొంగల నాయకుడివి అవుతావన్నాడు, నాయనమ్మ కలలను పట్టించుకోవద్దన్నది. తల్లి మాత్రం ఏమో, గురువు అవుతాడేమోనని అన్నది. అంతే అన్నది. ఆ మాట పట్టుకుని బిడ్డను వేధించలేదు, పొరుగిళ్లలో చాటుకోలేదు. జాన్ సంతలో గారడీవాళ్లను చూసి తాడుమీద నడవడం నేర్చుకుని, ఆదివారాలు ఊరి పిల్లలను పోగుచేసి, ఆట మధ్యలో జపమాల చెప్పించి, గుడిలో విన్న ప్రసంగం తిరిగి చెప్పేవాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

ఇక అంతోని గురించి చెప్పాలి. పుస్తకాలలో ఇతనిని మొరటువాడిగా చూపించడం మామూలు. నేనంతగా ఒప్పుకోను. మూడేళ్లకు తల్లి పోయింది, తొమ్మిదేళ్లకు తండ్రి పోయాడు, ఒళ్లు ముదరకముందే పార చేతికొచ్చింది. తాను మట్టిలో ఉంటే తమ్ముడు అన్నం తింటూ పుస్తకం తెరవడం కంటికి ఆనలేదు. పుస్తకాలు లేకుండానే తాను ఇంతవాడినయ్యానని అంతోని అంటే, మన గాడిద కూడా బడికి పోకుండానే అంతకంటే పెద్దదయిందని జాన్ ఎదురన్నాడు. దెబ్బలు తప్పలేదు. రోజూ ఇదే తంతు.

మార్గరీత ఎవరి పక్షం వహించాలి? కన్నకొడుకు పక్షమంటే సవతి తల్లి అనే మాట వస్తుంది. సవతి కొడుకు పక్షమంటే చిన్నవాని ప్రాణం నలిగిపోతుంది. 1828 ఫిబ్రవరిలో, మంచు కురిసే చలికాలంలో, పన్నెండేళ్ల జాన్‌ను చిన్న మూటతో ఇల్లు దాటించి, పని వెతుక్కోమని పంపించింది. వాడు మోలియా అనేవారి ఇంట పాలేరుగా చేరి 1829 దాకా వారి పశువులు చూసుకున్నాడు. బిడ్డను పాలేరుతనానికి పంపిన తల్లిని ఇవాళ మనం తప్పుపట్టవచ్చు. తునికాకు కోతలకు, మిరప కోతలకు బడి మాన్పించి బిడ్డలను వెంట తీసుకుపోయే తల్లులను తప్పుపట్టినట్టే! కాని ఆమె గెలిచిందని నేను చెప్పడం లేదు. ఆ రాత్రి ఆ ఇంట ఎవరూ గెలవలేదు. రెండేళ్ల తర్వాత ఆస్తి పంచి అంతోని వాటా అంతోనికి ఇచ్చేశాక గాని జాన్‌కు చదువు దారి దొరకలేదు. 1831లో కియేరి పట్టణంలో బడికి పోయినప్పుడు తిండికీ బసకూ డబ్బుకు బదులు ధాన్యం మోసి ఇచ్చారు. అంతోని మాత్రం ఆ ఇంటికి పరాయివాడు కాలేదు. 1849లో నలభై ఏళ్లకే చనిపోయేదాకా తల్లినీ తమ్ముణ్ణీ చూడటానికి వస్తూపోతూ ఉన్నాడు.

జాన్ సన్యాసుల మఠంలో చేరాలనుకున్నప్పుడు విచారణ గురువు ఆమె వద్దకు వచ్చి, కొడుకు మఠంలో చేరితే ముసలితనంలో నిన్నెవరు చూస్తారని హెచ్చరించారు. ఆమె కియేరికి నడిచివెళ్లి కొడుకుతో చెప్పిన సంగతి వేరు. తాను పేదగా పుట్టింది, పేదగా బ్రతికింది, పేదగానే పోవాలనుకుంటోంది. తన గురించి బెంగ వద్దు. కాని గురువై ధనవంతుడివైతే మాత్రం ఆ ఇంటి గడప తొక్కనన్నది. చివరకు జాన్ మఠంలో కాక గురువిద్యాలయంలో చేరి, 1841 జూన్ 5న తూరిన్ నగరంలో గురుపట్టం పొందారు. ఆ రోజుల్లోనే ఆమె, పూజ చేయడం మొదలుపెట్టావంటే కష్టాలు పడటం మొదలుపెట్టినట్టేనని కొడుకుకు చెప్పింది.

ఆ తర్వాత ఆమె జోసఫ్ ఇంట మనవళ్ల మధ్య హాయిగా ఉండవలసింది. 1846 వేసవిలో డాన్ బోస్కో గారు చావు అంచుదాకా వెళ్లి, కోలుకోవడానికి ఇంటికొచ్చారు. తూరిన్ శివారు వాల్దొక్కోలో ఆయన పిల్లల కోసం తీసుకున్న ఇంటి చుట్టూ సారాకొట్టు, చెడ్డపేరున్న ఇళ్లు. వయసులో ఉన్న గురువు అక్కడ ఒంటరిగా ఉంటే లోకం ఊరుకుంటుందా? తోడు రమ్మని తల్లిని అడిగారు. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. దేవుని చిత్తమనుకుంటే వస్తానన్నది. నవంబరు 3న ఇద్దరూ కాలినడకన బయలుదేరారు, ముప్పై కిలోమీటర్లు. ఆమె చేతిలో బట్టల బుట్ట, ఆయన చంకలో పూజపుస్తకం. దారిలో ఎదురైన ఒక తెలిసిన గురువు, వీరి చేతిలో చిల్లిగవ్వ లేదని తెలిసి, తన దగ్గరా డబ్బు లేక తన గడియారం తీసి ఇచ్చారు.

మన ఖమ్మం ప్రాంతానికి వచ్చిన మిలాన్ మిషనరీ స్వాముల తల్లులు కూడా ఇటువంటి పల్లెల్లోనివారేనని నాకు అనిపిస్తుంటుంది. కొడుకు సముద్రం దాటితే వారికి వెంట నడిచే వీలు కూడా లేకపోయింది. సరే, కథలోకి వద్దాం.

పెళ్లి ఉంగరం, మెడలోని గొలుసు అమ్మింది. పెళ్లిబట్టలు పీఠవస్త్రాలుగా, పూజవస్త్రాలుగా మారాయి. మొదట్లో పశువుల కొట్టం అటకమీద నిద్రపోనిచ్చిన కుర్రవాళ్లు తెల్లారేసరికి దుప్పట్లతో మాయమయ్యారు. అయినా 1847 మే నెలలో ఒక వాననాటి రాత్రి పదిహేనేళ్ల కుర్రవాడు, పనికోసం ఊరు వదిలివచ్చిన అనాథ, నిలువునా తడిసి తలుపు తట్టాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి వేడి సూపు, రొట్టె పెట్టింది. తర్వాత కొడుకుతో, ఇంతకుముందువాళ్ల లాగా వీడు తన గిన్నెలు ఎత్తుకుపోతే ఎలాగని అడగనూ అడిగింది. అడిగి ఊరుకోలేదు, ఇటుకలు పేర్చి పలకలు వేసి వంటింట్లోనే పడక సిద్ధం చేసింది. పడుకోబోయే ముందు పని గురించి, నిజాయితీ గురించి, దేవుని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ప్రార్థన చేయించింది. ఈనాటికీ సలేసియన్ గృహాలలో రాత్రి పడుకునే ముందు చెప్పే రెండు మాటలకు మూలం ఆ వంటింట్లోని మాటలేనని వారు చెప్పుకుంటారు.

ఒకడు నలుగురయ్యారు, నలుగురు వందకు మించారు. మొక్కజొన్న సంకటి కెలకడం, కూరగాయలు తరగడం, రాత్రి దీపం ముందు చిరుగులు కుట్టడం. 1854లో తూరిన్‌లో కలరా వచ్చి డాన్ బోస్కో గారి కుర్రవాళ్లు రోగుల సేవకు వెళ్లినప్పుడు, దుప్పట్లు అయిపోగా ఆమె పీఠం మీది వస్త్రాలు కూడా తీసి ఇచ్చింది.

ఆమె ఎప్పుడూ విసుగు లేకుండా చేసిందని అనుకోకండి. పిల్లలు ఒకరోజు యుద్ధం ఆట ఆడారు. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకాయన బూర ఊదుతూ నడిపించాడు. ఆట ఊపులో అందరూ కంచె దాటి, ఆమె నీళ్లు పోసి పెంచిన కూరపాదుల మీద నుంచి పరుగెత్తారు. ఒక్క ఆకు మిగలలేదు. ఆమె కొడుకు గదికి వెళ్లి కూర్చున్నది. ఆరేసిన బట్టలు మట్టిలో పడేస్తారు, మేజోళ్లు పోగొడతారు, గిన్నెలు ఆటకు ఎత్తుకుపోతారు, ఇప్పుడు తోట కూడా పోయింది, ఇక నావల్ల కాదు, నన్ను నా ఊరికి పోనివ్వు, మనవళ్ల దగ్గర ఉంటానని చెప్పింది. డాన్ బోస్కో గారు సమాధానం చెప్పలేదు, బ్రతిమాలలేదు. గోడమీది సిలువవైపు చెయ్యి చూపారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకుని, లేచి వెళ్లి మళ్లీ వంటపని అందుకున్నది.

సారపాకలోని ఆ తండ్రికి నేను చెప్పవలసింది ఇక్కడే ఎక్కడో ఉన్నదనిపిస్తుంది. ఆ తల్లికి ఇతరుల పిల్లలు వచ్చింది తన పిల్లలు పెద్దవారయ్యాక. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆమె చేసిన యువజన సేవ అంతా తన ముగ్గురి మధ్యనే, అందులోనూ కష్టం అంతోనితో. ఆయన కొడుకు వయసు ఇప్పుడు పదిహేను. రిహార్సలు నుంచి ఒక ఆదివారం మానుకుని వాణ్ణి గోదావరి ఒడ్డుకు తీసుకుపోతే పాటల బృందం ఏమీ పాడైపోదు. మన ఫిరంగిపురం జ్ఞానమ్మగారు కూడా కొడుకుల్ని పెంచిన విధవరాలే, ఆ తర్వాతే ఆడపిల్లల బడి, పునీత అన్నమ్మగారి కన్యస్త్రీల సభ. ఆ కథ మరో వారం.

1856 నవంబరులో మార్గరీతమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. జోసఫ్ ఊరి నుంచి వచ్చాడు. చివరి రాత్రి డాన్ బోస్కో గారి ఏడుపు చూడలేక, నువ్వు ఇక్కడ ఉంటే నాకు బాధ ఎక్కువవుతుందని ఆయనను గదిలోంచి పంపించింది. 25వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు కన్నుమూసింది. ఆయన ఒక కుర్రవాణ్ణి తోడు తీసుకుని, చీకటిలోనే ఓదార్పు మాత దేవాలయానికి వెళ్లి పూజ చేసి, ఇక మా పిల్లలకు తల్లివి నువ్వేనని మరియమాతకు మనవి చేసుకున్నారు. బీదల అంత్యక్రియలు జరిగాయి. పిల్లలందరూ వెంట నడిచారు. అందరినీ పూడ్చే చోటనే పూడ్చారు, ఇప్పుడు ఆమె సమాధి ఎక్కడని చూపడానికి లేదు. 2006లో పాపుగారు ఆమెను పూజ్యురాలిగా ప్రకటింపజేశారు.

వాల్దొక్కోలో పిల్లలకు మళ్లీ ఆకలి వేసింది గదా. మిక్కేలు రువా అనే పందొమ్మిదేళ్ల గురువిద్యార్థి తల్లి, ఆమె కూడా విధవరాలే, వచ్చి ఆ వంటింట్లో గరిటె అందుకున్నది.